కొత్త బర్రెకు పది దినాలు ఇస్తం, కొత్త కుక్కకు పది నిమిషాలు ఇయ్యం

ఈసారి టమాట ధర గురించి కాదు, యూరియా గురించి కాదు, కుక్క గురించి రాస్తున్న. నవ్వేటోళ్ళు నవ్వండి గానీ చివరిదాకా చదవండి. మన మహేశ్వరం దిక్కు ఊర్లకు ఇది ఇప్పుడు చిన్న ముచ్చట కాదు.

మన కాడ ఎవరన్నా కొత్తగా కుక్కను తెచ్చుకుంటే ఊరంతా అడిగేవి రెండే మాటలు. మొరుగుతదా? కరుస్తదా? రెండిటికీ అవునంటే అది మంచి కుక్క. పోయినేడు మార్చిల మేము పట్నం షెల్టర్ నుంచి తెచ్చుకున్న కుక్క ఈ రెండిట్ల ఏదీ చేయలేదు. మొరగలేదు, కరవలేదు, అసలు మూల నుంచి బయటికే రాలేదు. చూడనీకి వచ్చినోళ్ళంతా ఒకటే మాట: "నిన్ను చూసే ఇంత భయపడుతున్నది, దొంగను చూస్తే ఏం చేస్తది? ఇడిచిపెట్టి ఇంకోటి తెచ్చుకో."

నేను వాళ్ళను తప్పు పట్టను. కానీ నాకొక ప్రశ్న ఉన్నది. సంతల నుంచి బర్రెను కొనుక్కొస్తం కదా, మొదటి పూట అది పాలిస్తదా? పొదుగు నిండ ఉంటది, చేపదు. కాళ్ళు ఝాడిస్తది, దాణా మూతి పెట్టదు, తెలిసిన మనిషి కోసం అటూ ఇటూ చూస్తది. అప్పుడు మనం ఏం చేస్తం? కట్టె పట్టుకొని కొడ్తమా? కొట్టం. ఇంట్ల ఒక్కరే పోయి పిండుతరు, రోజూ అదే బకెట్, అదే యాళ్ళ, అదే చీర కట్టుకొని పోయే అక్కలు కూడా ఉన్నరు. దూడను ముందు నిలబెడ్తం, గంగడోలు గోకుతం, నోటితోని "హో హో" అనుకుంట వారమో పది దినాలో ఓపిక పడ్తం. పశువుల డాక్టర్లు దీనికి కారణం చెప్తరు: బెదిరిన ఒంట్ల అడ్రినలిన్ పారుతది, పాలు దింపే ఆక్సిటోసిన్‌ను అది పని చేయనియ్యదు. పాలు లేక కాదు, భయానికి బర్రె చేపదు. మన తాతలకు ఆ పేర్లు తెల్వకున్నా పని తెలుసు. దానికి మన దగ్గర మంచి మాటే ఉన్నది, మచ్చిక చేసుకునుడు.

మరి బర్రెకిచ్చే పది దినాలు కుక్కకెందుకు ఇయ్యం? నాకు తోచిన జవాబు చెప్తే కోపం రావద్దు. బర్రెకు లక్ష పెట్టినం, కుక్క ఊరకే వచ్చింది. పైసలు పెట్టినదానికి ఓపిక, ఊరకే వచ్చినదానికి కట్టె.

అసలు మన ఊర్ల చుట్టూ ఇన్ని బెదిరిన కుక్కలు ఎక్కడి నుంచి వచ్చినయో ఒక్కసారి ఆలోచించండి. పది, పదిహేనేండ్ల కింద ఊరి కుక్క అంటే ఊరి కుక్కనే. ఏ వాడకట్టుది ఏదో అందరికీ తెలుసు, పొద్దుగాల ఒకరింట్ల గంజి, పొద్దుమూకి ఇంకొకరింట్ల రొట్టె ముక్క. ఇప్పుడు తుక్కుగూడ దాటి శ్రీశైలం రోడ్డు మీద ఇటు రండి. వెంచర్లు, ప్రహరీలు, ఫామ్‌హౌస్‌లు. ఇండ్లు కట్టనీకి లేబర్ క్యాంపులు పడ్తయి, వాళ్ళ పిల్లలు కుక్కపిల్లలను సాదుకుంటరు, పని ఒడవంగనే క్యాంపు ఇంకో సైటుకు పోతది, కుక్క ఆడనే మిగులుతది. ఫామ్‌హౌస్ కాడ వాచ్‌మన్ మారితే పాత వాచ్‌మన్ కుక్కకు దిక్కుండదు. ఇంక పట్నపోళ్ళు కొందరు, ఇంట్ల ముద్దుకు పెంచుకున్న జాతి కుక్క ముసలిదైతేనో, తోలు జబ్బు వస్తేనో రాత్రిపూట కార్ల తెచ్చి మన చెరువు కట్టల కాడ ఇడిచి పోతరు. మా తొవ్వల ఒకపాలి తెల్ల బొచ్చు కుక్క కనబడ్డది, మంచు దేశపుది, మే నెల ఎండల నాలుక బయటేసుకొని కానుగ చెట్టు కింద రొప్పుతున్నది. దాన్ని కొన్నోనికి లేని సిగ్గు చూసిన మనకు అయితది.

ఈ కుక్కలకు మన ఊరు కొత్త, మన మనుషులు కొత్త. ఊరి కుక్కలు రానియ్యవు. పిల్లలు రాళ్ళేస్తరు. అవి గుంపు కడ్తయి. గుంపు కట్టినంక ఏమైతదో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. గొర్ల మందల పడ్తయి, ఒక్కటి తినేతందుకు పదింటిని కొరికి పోతయి. కోళ్ళు పోతయి, లేగదూడల తోకలు పోతయి. 2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల నాలుగేండ్ల పిల్లగాన్ని వీధికుక్కలు చంపిన వీడియో మనమంతా చూసినం. ఆ తండ్రి ముందు నిలబడి "కుక్కను ప్రేమించు" అని చెప్పే నోరు నాకు లేదు. పట్నంల బిస్కెట్ పాకెట్ ఇప్పి రోడ్డు మీద చల్లి ఫొటో దిగి పోయేటోళ్ళ మీద మీకున్న మంటే నాకూ ఉన్నది.

కానీ ఆ మంటను మనం ఎటు మళ్ళిస్తున్నం? 2024 ఫిబ్రవరిల మహబూబ్‌నగర్ జిల్లా అడ్డాకుల మండలం పొన్నకల్ల రాత్రిపూట ఇరవై కుక్కలను తుపాకితోని కాల్చిన్రు. 2025 జనవరిల సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం కాడ కాళ్ళు, మూతులు కట్టేసి వంతెన మీది నుంచి కిందికి ఏసిన్రు, ఇరవై దాకా చచ్చినయి, కొన్ని కొన ఊపిరితోని దొరికినయి. ఈ 2026 జనవరిల మన పక్కనున్న యాచారంలనే వంద దాకా కుక్కలకు విషం పెట్టిన్రని ఫిర్యాదు, పోలీసు కేసు. హనుమకొండ, కామారెడ్డి దిక్కు నుంచి కూడా ఆ నెలనే అసొంటి వార్తలు. పంచాయతీ ఎన్నికలల్ల కుక్కలు, కోతుల బాధ తీరుస్తమని ఓట్లు అడిగిన ఊర్లు మస్తున్నయి. నేను అడిగేది లెక్క. విషం పెట్టిన ఊర్ల కుక్కలు లేకుండ పోతయా? తిండి ఉన్నది, జాగ ఖాళీ అయ్యింది, పక్కూరి కుక్కలు, వెంచర్ కుక్కలు వచ్చి పడ్తయి. కుక్కకు రెండు నెలల్ల ఈత, ఏడాదికి ఒకటో రెండో ఈతలు. వచ్చినయి ఊరి మనుషులను ఎరుగనివి, ఉన్న కుక్కల కంటే ఎక్కువ బెదిరినవి. పైంగ విషం తిన్న కుక్క బాయిల పడ్తది, చేన్ల చస్తది, దాన్ని పీక్కతిన్న గద్ద చస్తది. చట్టం కూడా ఊకోదు, పశువును చంపితే కొత్త న్యాయ సంహిత 325 సెక్షన్ కింద ఐదేండ్ల దాకా శిక్ష ఉన్నది. ఒక సర్పంచి మాట మీద ఎవరో కూలిమనిషి ఆ ముద్దలు ఏసి జైలుకు పోవాల్నా?

నా మాట ఒక్కటే. ఊర్ల తిరిగే కుక్కలకు ఆపరేషన్, రేబిస్ టీకా పంచాయతీ చేయించాలె. దాంతోపాటు మన రైతుల ఇండ్లల్ల పొలం కాడ జాగ ఉన్నోళ్ళు ఒక్కొక్కరు ఒక్క కుక్కను ఇంటిదాన్ని చేసుకోవాలె, అది బెదిరిన కుక్కైనా సరే. బెదిరిన కుక్కను ఇంటిదాన్ని చేసే ఇకమతు పట్నపోళ్ళ కంటే మనకు ఎక్కువ తెలుసు. తెల్వదనుకుంటున్నం, అంతే.

మాదాని సంగతి చెప్తా. పేరు కర్రి, నల్లగుంటది కాబట్టి. తెచ్చిన్నాటికి రెండేండ్లుంటయన్నరు. లేబర్ క్యాంపు ఎత్తేసిన జాగల దొరికిందట, మెడకు బైండింగ్ వైరు బిగుసుకొని తోలు లోపలికి పోయిందట. ఆ మచ్చ ఇప్పటికీ ఉన్నది, అక్కడ బొచ్చు రాదు. షెల్టరోళ్ళు గాయం మాన్పి, ఆపరేషన్ చేయించి, టీకాలు ఏసి ఇచ్చిన్రు. ఎడమ చెవి కొస కత్తిరించి ఉన్నది చూసి మా వాడకట్టోళ్ళు "చెవి తెగింది, దొంగ కుక్క" అన్నరు. చెవి కొస వీ ఆకారంల కత్తిరిస్తే ఆపరేషన్ అయ్యింది, రేబిస్ టీకా పడ్డది అని గుర్తు. ఊర్ల అసొంటి చెవి కుక్క కనబడితే దాన్ని తరుమకండి, ఇంకో గుంపును రానియ్యకుండ కాపలా కాసేది అదే.

ఆటోల నుంచి దించంగనే కొట్టంల దాణా బస్తాల ఎనకకు దూరింది. మూడు దినాలు ఆడనే. పెట్టిన అన్నం మనం చూస్తుంటే ముట్టదు, తెల్లారి చూస్తే గిన్నె అద్దం లెక్క నాకి ఉంటది. పక్కనే ఒంటికి పోసేది. మా ఇంటామె నాలుగు దినాలు బూడిదేసి ఊడ్చింది, ఒక్క మాట అనలేదు. అది ఆమె గొప్పతనం, నాది కాదు. ఇంట్ల మేము ఒక్కటే కట్టు పెట్టుకున్నం, దాని దగ్గరికి ఎవరూ పోవద్దు, అదే రావాలె. చూడనీకి వచ్చినోళ్ళను కొట్టంల అడుగు పెట్టనియ్యలేదు. మెడ పట్టి బయటికి గుంజి "ఏదీ, చూద్దాం" అనేటోళ్ళే అంత. మా బామ్మర్ది దీనికే అలిగిండు, ఇంకా మాట్లాడ్తలేడు.

దాన్ని మచ్చిక చేసింది నేను కాదు, మా అమ్మ. అమ్మ ఏమీ చేయకపోవుట్లనే చేసింది. రోజూ పగటీలి కొట్టం గడప కాడ కూసోని తెల్లారి మార్కెట్టుకు పోయే కొత్తిమీర కట్టలు కడ్తది. వీపు కొట్టం దిక్కు, ముఖం వాకిలి దిక్కు. కుక్కను చూడది, పిలువది, మోకాళ్ళ నొప్పులకు గబుక్కున లేవది కూడా. తనలో తను ఏదో గుణుక్కుంటది. కుక్కకు కావల్సింది అదే. కండ్లల్ల కండ్లు పెట్టి చూసుడు మనకు ప్రేమ, దానికి బెదిరింపు. మీదికి వంగుడు, నెత్తి మీద చెయ్యి పెట్టుడు, దానికి గద్ద దిగినట్టు. అమ్మ వీపు మాత్రం దానికి ఏ బెదిరింపూ కాదు.

మా చిన్నోడు బొగ్గు ముక్కతోని నేల మీద గీతలు గీసేటోడు, ఈ దినం ఇక్కడిదాకా వచ్చిందని. మొదటి వారం గీతలన్నీ బస్తాల కాడనే. పదో దినానికి కొట్టం నడుమకు వచ్చింది. ఇరవై దినాలకు అమ్మ వీపుకు రెండు మూరల దూరం. ఆడ పది దినాలు ఆగిపోయింది, గీత మీద గీత. చిన్నోనికి ఓపిక పోయి గీసుడు బంద్ చేసిండు. నలభై ఒకటో దినం అమ్మ మోచేతికి ఏదో తడి తగిలిందట, ఈగ అనుకొని దులపబోయి ఆగిందట. కుక్క ముక్కు. అమ్మ కట్ట కట్టుడు ఆపలేదు. "ఆపితే ఉరుకుతుండె" అని ఆ రాత్రి చెప్పింది.

నలభై ఒక్క దినాలు. బర్రెకు పది చాలు, కుక్కకు ఎందుకింత అంటే దానికీ కారణం ఉన్నది. కుక్కపిల్లకు మూడో వారం నుంచి పన్నెండు, పద్నాలుగు వారాల దాకా ఒక కిటికీ తెరిచి ఉంటది. ఆ యాళ్ళకు మనిషి చెయ్యి, పిల్లల లొల్లి, బండి చప్పుడు, గొడ్డు వాసన ఏది చూస్తే అది దానికి జీవితాంతం మామూలు. 1961ల అమెరికాల శాస్త్రవేత్తలు కొన్ని పిల్లలను మనిషి ముట్టకుండ పద్నాలుగు వారాలు పెంచి చూసిన్రు, అవి అడవి జంతువుల లెక్క తయారైనయి, మనిషి దగ్గరికి రానియ్యలేదు. మన ఊర్ల కాలువ సిమెంటు పైపుల పుట్టి మనిషి చేతికి చిక్కకుండ పెరిగే పిల్లలకు అదే గతి. కర్రి అసొంటిదానికి ఇంకో తంటా, కిటికీ తెరిచినప్పుడు చూసిన మనిషే వైరు బిగించిండు. అందుకే పెద్ద కుక్కను మారుస్తున్నం అనుకోకండి, దానికి తెలిసిన పాత లెక్క పక్కన కొత్త లెక్క రాస్తున్నం. పాతది చెరిగిపోదు.

దేనికి బెదురుతదో చూస్తే దాని పాత బతుకు చదవొచ్చు. బోరు స్టార్టర్ చప్పుడుకు కర్రి చెవి కదపలేదు. తువ్వాల దులిపితే మాత్రం నేలకు అతుక్కపోయేది. నీళ్ళ పైపు గుంజితే, ఎవరన్నా చెప్పు తీయనీకి వంగితే, చేతుల కట్టె ఉంటే మళ్ళ బస్తాల ఎనకకు. గొడ్లున్న ఇంట్ల చేతుల కట్టె లేకుండ ఎట్ల? కట్టెను కొట్టం బయట పందిరి గుంజకు ఆనిచ్చి లోపలికి పోవుడు అలవాటు చేసుకున్నం. గొడ్లు కట్టె లేకున్నా మాట వింటయని అట్ల తెలిసింది, అది వేరే లాభం.

కొన్ని గుర్తులు చెప్తా, మీ ఇంటి కుక్కకు కూడా పనికొస్తయి. తోక కాళ్ళ సందుల పెట్టుకుంటే భయం అని అందరికీ తెలుసు. నిద్ర రాకున్నా ఆవులిస్తది, తినకున్నా పెదవి నాకుతది, తల అటు తిప్పి ఓరకంట చూస్తే కంటి తెల్లగుడ్డు కనబడ్తది, ఇవి కూడా భయమే. "జర ఆగు, దగ్గరికి రాకు" అని అడుక్కునుడు అది. వినకుండ ఇంకా ముందుకు పోతే గుర్రుమంటది. గుర్రుమన్నదని కొట్టినమనుకోండి, గుర్రుమనుడు మానేస్తది, భయం మానదు. రేపు చెప్పకుండ కరుస్తది. "కుక్క కాటుకు చెప్పు దెబ్బ" అని సామెత చెప్పుకుంటం గానీ, నేను చూసినంతల చెప్పు దెబ్బే ముందు, కాటు తర్వాత.

ఇంకోటి, గొలుసు. కొత్త కుక్క పారిపోతదని మెడకు గొలుసేసి గుంజకు కట్టేస్తం. బెదిరిన జీవానికి ఉన్నది ఒక్కటే దారి, ఉరుకుడు. ఆ దారి మూసినంక మిగిలేది పండ్లే. మొదటి నెల తలుపున్న కొట్టమో, జాలి కట్టిన జాగో ఇయ్యండి, దాంకొనేతందుకు ఒక మూల ఇయ్యండి. ఆ మూల దానిది, దాంట్లకు చెయ్యి పెట్టొద్దు. తిండి యాళ్ళకు అదే మనిషి, అదే గిన్నె. దానికి పేరుపెట్టి పిలిచేది తిండి పెట్టేటప్పుడే, తిట్టేటప్పుడు పేరు వాడొద్దు. మా ఇంట్ల రోజుకు రెండు జొన్న రొట్టెలు, మజ్జిగ అన్నం, అప్పుడప్పుడు గుడ్డు, అంతే ఖర్చు. ఉల్లిగడ్డ ఏసిన కూర, ఉడికిన కోడి బొక్కలు పెట్టకండి. గుళికల పాకెట్లు, మందు డబ్బాలు అందకుండ అటక మీద పెట్టండి, అది కుక్కకే కాదు, పిల్లలకు కూడా.

"మనుషులకే దిక్కు లేదు, కుక్కకు ఇంత సేవనా" అని అడిగిండొక పెద్దమనిషి. న్యాయమైన మాటే. అప్పుల్ల ఉన్న రైతుకు నేను కుక్కను తెచ్చుకో అని చెప్పను. కానీ ఆ సేవ ఏందో చూడండి. మేము దానికోసం చేసింది చానా వరకు చేయకుండ ఉండుడే. గుంజలేదు, తరుమలేదు, మీద పడి ముద్దు చేయలేదు. అమ్మ కొత్తిమీర కట్టలు ఒక్కటి కూడా తక్కువ కట్టలేదు.

ఎవరు తెచ్చుకోవద్దో కూడా చెప్పాలె. నేల మీద పాకే పసిపిల్ల ఉన్న ఇంట్లకు ఇసొంటి కుక్క వద్దు. పిల్లకు కుక్క గుర్తులు తెల్వయి, కుక్కకు పిల్ల తెల్వదు. గొర్లున్నోళ్ళు, మందల పడిన చరిత్ర ఉన్న కుక్కను అసలు తెచ్చుకోకండి, ఆ రుచి మరిపించుడు మనతోని కాదు. రోజూ రాత్రి తాగి లొల్లి పెట్టే ఇంట్ల ఇసొంటి కుక్క బాగుపడదు. ఎవరి గురించి రాసిన అని ఊహలు కట్టకండి, అన్ని ఊర్లల్ల ఉన్నరు.

మరి ఇంత చేస్తే అది దేనికి పనికొచ్చింది అంటరా? దొంగ మీద ఉరికి పడ్తదని నేను చెప్పను, పడదు. పాల వ్యాను డ్రైవర్‌ను చూస్తే ఇప్పటికీ కొట్టంలకు పోతది. కానీ బెదిరిన కుక్క చెవి అందరికంటే ముందు లేస్తది. పోయిన వానాకాలం మక్క చేన్లకు అడవి పందులు దిగే యాళ్ళకు అది మంచం కాడికొచ్చి గొంతుల్నే సన్నగ గుర్ర్‌మనేది. మొరగది, పందుల మీదికి పోదు, మమ్మల్ని లేపుతది. టార్చి కొట్టి, డబ్బా మోగిస్తే పందులు మళ్ళేవి. మొరిగే కుక్కలున్న పక్క చేన్ల సగం రాత్రులు ఉత్తగనే లొల్లి, ఎవరూ లేవరు. కర్రి లేపిందంటే ఏదో ఉన్నట్టే, మేము లేస్తం. మనం ఎప్పుడూ కుక్క విశ్వాసం అంటం, అంటే అది మనకు కాపలా ఉండాలె. అది మనల్ని విశ్వసించుడు అనే మాట ఒకటి ఉన్నదని, అది ముందు కావాలెనని నాకు ఆ మంచం కాడనే అర్థమైంది.

వెనకకు పోవుడు కూడా ఉంటది, అప్పుడు చేతులెత్తేయొద్దు. దీపావళి రాత్రి వెంచర్ల పటాకులు మొదలు కాంగనే కర్రి జాలి కింద మట్టి తవ్వి పోయింది. రెండు దినాలు కనబడలేదు. మక్క కోసిన చేన్ల చొప్ప కుప్ప కింద ఉన్నదని మూడో దినం పక్క రైతు చెప్పిండు. గుంజకరాలేదు, అమ్మ ఆ చేను గట్టు మీదికి పోయి కూసున్నది, వీపు కుప్ప దిక్కు. పొద్దుమూకి ఎనక ఎనక వచ్చింది. వచ్చి మళ్ళ బస్తాల మూలకే పోయింది, మొదటి దినం లెక్కనే. చిన్నోడు ఏడ్చిండు, అంతా పోయిందని. కానీ ఈసారి నలభై దినాలు పట్టలేదు, ఆరో దినానికి గడప దాటింది.

ఇంక తెచ్చుకోవాలె అనుకునేటోళ్ళకు. పట్నంల 1992 నుంచి బ్లూక్రాస్ ఉన్నది, వేరే షెల్టర్లున్నయి. జీహెచ్‌ఎంసీ కూడా 2025 ఆగస్టుల బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కుల దేశి కుక్కపిల్లల దత్తత మేళా పెట్టింది. అదే నెల 22న సుప్రీంకోర్టు వీధికుక్కల కేసుల ఇచ్చిన ఆర్డర్ల, ఇష్టమున్నోళ్ళు వీధికుక్కను దత్తత అడగొచ్చు, తీసుకున్నంక మళ్ళ రోడ్డు మీదికి ఇడువొద్దని చెప్పింది. ఆ రెండో మాట మరిచిపోకండి. షెల్టరోళ్ళు ఆధార్ అడుగుతరు, ఇల్లు చూస్తమంటరు, సంతకం పెట్టుమంటరు, కొన్నాళ్ళు ఫోన్లు చేస్తరు. దానికి నారాజ్ కాకండి, పిల్లనిచ్చేటోళ్ళు అడగరా? మీరు కూడా అడగండి, ఆపరేషన్ అయిందా, రేబిస్ టీకా ఎప్పుడు పడ్డది, పిల్లలను చూస్తే ఎట్లుంటది, ఎవరినన్నా కరిచిందా. దాపెట్టి ఇచ్చేటోళ్ళ దగ్గర తీసుకోకండి. ఒక్కసారి చూసి ముద్దొచ్చిందని తీసుకరాకండి, రెండు మూడు సార్లు పోయి ఊరికే పక్కన కూసోని రండి.

ఊర్ల పుట్టిన పిల్లలైతే ఇంకా సులువు. తల్లి దగ్గర ఎనిమిది వారాలు ఉండనిచ్చి తెచ్చుకోండి, కిటికీ ఇంకా తెరిచే ఉంటది. ఆ ఎనిమిది వారాలల్ల కూడా రోజూ పోయి చేతుల పట్టుకోండి, మీ పిల్లలకు నేర్పండి ఎట్ల పట్టుకోవాల్నో. రాయి ఏసే చెయ్యికి ఈ పని ఇస్తే చాలు. మూడు నెలలు నిండంగనే రేబిస్ టీకా, డాక్టర్ చెప్పిన యాళ్ళకు రెండోది, ఆ తర్వాత ఏడాదికోసారి. ఆడకుక్క అయితే ఎదకు రాకముందే ఆపరేషన్ సంగతి డాక్టర్‌ను అడగండి. మన ఊర్లల్ల ఈ సౌకర్యం పట్నంల ఉన్నంత లేదు, దాని గురించి గ్రామసభల లేచి అడగాలె. విషానికి పెట్టే పైసలు, కేసులల్ల తిరిగే పైసలు అటు పెడ్తే ఎన్ని ఆపరేషన్లు అయితయో లెక్క కట్టుమనండి.

ఎంత మచ్చికైన కుక్కైనా ఎప్పుడన్నా పన్ను తగిలితే సబ్బు పెట్టి పారే నీళ్ళల్ల పదిహేను నిమిషాలు కడిగి, అదే దినం దవాఖానకు పోండి. పసుపు, సున్నం, పసరు పెట్టి కూసోవద్దు. రేబిస్ గుణాలు బయటపడ్డంక మనిషి బతుకుడు దాదాపు లేదు, ముందే సూదులు తీసుకుంటే దాదాపు రానే రాదు. సూదులు ఎన్ని చెప్తే అన్ని, నడుమల ఆపొద్దు.

ఏటా జూలై 6న పశువుల దవాఖానలల్ల కుక్కలకు రేబిస్ టీకా ఉత్తగనే ఏస్తరు. 1885ల అదే దినం పాశ్చర్ ఒక పిల్లగానికి మొదటి రేబిస్ టీకా ఏసిండు, అందుకు ఆ తారీఖు. ఈసారి కర్రిని తీసుకపోవుడు మాకు పరీక్షనే, అంత మంది మనుషులు, అన్ని కుక్కలు. అందుకే ఇప్పటి నుంచే వారానికి ఒకపాలి ఆటో ఎక్కించి దవాఖాన గేటు దాకా తీసుకపోయి, ఒక గుడ్డు పెట్టి, లోపలికి పోకుండనే తిప్పి తీసుకొస్తున్నం. మొదటిసారి ఆటోల వణికి ఒంటికి పోసింది. పోయిన ఐతారం గుడ్డు తిన్నది. మీ కుక్కలకు కూడా అట్ల అలవాటు చేయండి, మూతికి మెత్తటి గుడ్డతోని కట్టు ఎట్ల కట్టాల్నో ఇంట్లనే నేర్పండి, ఆ రోజు గుంజుకపోయేటట్టు చేయకండి. మన మండలం రైతులు ఎవరన్నా వచ్చేటట్టుంటే చెప్పండి, జనం రాకముందు పొద్దుగాలనే కలిసి పోదాం.